ఉన్ని లేని గొర్రె

శనివారం రాత్రి ఎనిమిది దాటిందంటే మా వీధి చివర జిరాక్స్ షాపులో కాలు పెట్టే చోటుండదు. కర్నూలులో సి.క్యాంపు చుట్టుపక్కల షాపులన్నీ అంతే. పరీక్షల కాలమా అంటే కాదు. ఉద్యోగాల నోటిఫికేషనూ ఏదీ పడలేదు. వచ్చినవాళ్లంతా నాలాంటి నాన్నలు. ఒక చేతిలో రైతుబజారు సంచి, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో స్కూలు గ్రూపుకు వచ్చిన మెసేజ్: సోమవారానికి ఒక జంతువు మీద ప్రాజెక్టు, ఫోటోలు, ఆహారం, నివాసం, ఉపయోగాలు, చార్టు మీద అంటించి తేవాలి.

షాపతను "ఏ క్లాసు సార్?" అని మాత్రం అడుగుతాడు. మూడు, నాలుగు, ఐదు క్లాసులకు అతని కంప్యూటర్లో వేరువేరు ఫోల్డర్లున్నాయి. పులి, ఏనుగు, పెంగ్విన్, పాండా. కలర్ ప్రింట్లు, వాటి కింద నాలుగు పేరాల మ్యాటరు, చార్టు, గమ్ము, అన్నీ కలిపి అరవై రూపాయలు. పోయినేడు నేనూ అరవై రూపాయలిచ్చి పెంగ్విన్‌ను ఇంటికి తెచ్చుకున్నవాణ్ణే. పాప నిద్రపోయాక నేనే కత్తిరించి, నేనే అంటించి, అంచుల చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలతీగ కూడా వేశాను. "వెరీ గుడ్" వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని, ఆ వెరీ గుడ్ చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను. తప్పు ఎవరిదో లెక్క తీసేటప్పుడు నా పేరూ అందులో రాసుకోండి.

ఈ ఏడు పాప నాలుగో క్లాసుకొచ్చింది. ఈసారి "ఒక పెంపుడు జంతువు" అన్నారు. ఆ శనివారం మేము కర్నూలులో లేము. నందికొట్కూరు దగ్గర మా ఊరికి పోయాం, మా అమ్మకు మోకాళ్ల నొప్పులని. ఊళ్లో జిరాక్స్ షాపు లేదు. సిగ్నలు మిద్దె మీదికి పోతేగానీ రాదు. ఆదివారం పొద్దున ఉగ్గాని తింటూ, రాత్రికి తిరిగొచ్చాక షాపు తెరిచి ఉంటుందా లేదా అని నేను టెన్షన్ పడుతుంటే మా అమ్మ అంది, "ఏం జంతువో కావాలంటున్నావు గదరా, మందలో అన్ని గొర్రెలుండంగా?"

అదీ నిజమేననిపించింది. నేను మామా అని పిలిచే పెద్దాయన ఒకరు మా ఊళ్లో గొర్రెలు మేపుతారు. పాపను తీసుకుని దొడ్డి దగ్గరికి పోయాను. అప్పటికింకా మందను బయటికి తోలలేదు.

పాప తయారై వచ్చింది. ఎక్కడో చూసిన పాయింట్లు నోటుబుక్కులో ముందే రాసుకుంది: గొర్రె గడ్డి తింటుంది, గొర్రెకు 32 పళ్లుంటాయి, గొర్రె మనకు ఉన్ని ఇస్తుంది. పోయీపోగానే ఒక గొర్రె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. నా వైపు చూసింది. మళ్లీ నిమిరింది.

"తాతా, దీనికి ఉన్ని ఏది?"

పెద్దాయన నవ్వాడు. "ఉన్ని యాడుంటాది పాపా. ఇది జోడిపి. దీనికుండేది వెంట్రుకే. ఉన్ని గొర్రెలు వేరేవి, బళ్లారి దిక్కు నల్లగుంటాయి సూడు, అవి. గొంగడి నేసేది దాంతోనే."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన దగ్గర ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు. ఒళ్లంతా పొట్టి వెంట్రుకలే. పెంచేది మాంసం కోసం. అందులో తెల్లటి ఒంటితో, మూతి దగ్గరా కళ్ల చుట్టూ నల్లమచ్చలతో ఉండేదాన్ని జోడిపి అంటారు. దేశంలో పొడవుకాళ్ల గొర్రె జాతుల్లో ముందు చెప్పేది దీన్నే. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో స్థానం మనదే, మన జిల్లాల్లో మొదటి పేరు అనంతపురం. ఇన్ని గొర్రెల మధ్య పుట్టి పెరిగే పిల్లల నోటుబుక్కుల్లో మాత్రం దూదిమూటలాంటి గొర్రె బొమ్మ, దాని కింద "ఉన్ని ఇచ్చును". ఆ బొమ్మ ఏ చలిదేశం నుంచి వచ్చిందో గాని, మా దొడ్డిలోది మాత్రం కాదు.

తర్వాత పళ్లు. పెద్దాయన ఒక గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుని పెదవి పైకెత్తి చూపించాడు. పై దవడకు ముందు పళ్లే లేవు! గట్టి చిగురు, అంతే. కింద మాత్రం ఎనిమిది. పాప వేలు పెట్టి లెక్కబెట్టింది. 32 అని రాసుకున్న పాయింటూ తప్పేం కాదు, లోపలి దవడ పళ్లు కలుపుకుంటే సరిపోతుంది. కానీ ముందు పైవరస ఖాళీ అనే సంగతి ఆ పాయింటులో లేదు. ఆ కింది ఎనిమిదిని చూసే వయసు చెప్తారు. అన్నీ పాలపళ్లయితే ఏడాది లోపుది. ఏడాది దాటాక నడిమి రెండూ ఊడి పెద్దవి వస్తే "రెండు పండ్లది". ఆ తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ మారాయంటే నాలుగేళ్లకు అటూ ఇటూ. పాపకు అప్పుడు ముందు పన్ను ఒకటి ఊడి ఉంది. అది చూసి పెద్దాయన, "నువ్వింకా పాలపండ్ల దానివే" అన్నాడు. కర్నూలు చేరేవరకూ బస్సులో మా పాప ప్రతి ఒక్కరి నోటివైపే చూస్తూ కూర్చుంది.

చిటుక రోగం సంగతీ ఆయనే చెప్పాడు. తొలకరి పడి పచ్చిగడ్డి మొలవగానే గొర్రెలు ఆబగా మేస్తాయి. కడుపులో ఉండే సూక్ష్మక్రిమి ఒక్కసారిగా పెరిగి విషం చేస్తుంది. సాయంత్రం బాగానే ఉన్న గొర్రె తెల్లారేసరికి ఉండదు. అందుకే వానలకు ముందే టీకా వేయించాలి. పాప దీన్నిట్లా రాసింది: "వాన పడితే రైతులకు సంతోషం. గొర్రెల తాతకు సంతోషం, భయం." (రాసింది ఇంగ్లీషులోనే, ఇంగ్లీషు మీడియం కదా. చిటుకకు మాత్రం దానికి ఇంగ్లీషు దొరక్క ఇంగ్లీషు అక్షరాల్లో "చిటుక" అనే పెట్టింది. నాకూ దొరకలేదు, అట్లే ఉండనిచ్చాను.)

ఆ రాత్రి చార్టు లేదు, ఫోటో లేదు. నోటుబుక్కులో రెండు పేజీలు, చేత్తో గీసిన గొర్రె నోరు ఒకటి. ఆ బొమ్మ గొర్రె నోరులా లేదు, దువ్వెనలా ఉంది. పైవరస ఖాళీగా వదిలి "నథింగ్ హియర్" అని బాణం గుర్తు పెట్టింది.

బుధవారం నోటుబుక్కు వెనక్కొచ్చింది. పదికి ఐదు. "బొమ్మలు అంటించలేదు" అని ఒక మాట. "మన దగ్గర గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకలే" అన్న వాక్యం పక్కన ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటు మార్కు. దాని కింద దిద్దుబాటు: గొర్రె ఉన్ని ఇస్తుంది.

పాప ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకింత ఉడుకు పుట్టేది కాదేమో. "తాతకు తెలీదేమో నాన్నా" అంది, నెమ్మదిగా. చేత్తో తడిమిన దాన్ని, మూడు రోజుల తర్వాత, ఒక ఎర్రగీత చూసి వదిలేసుకుంది. నాకప్పుడు పోయినేటి వెరీ గుడ్ గుర్తొచ్చింది. ఆ పెంగ్విన్ చార్టులో పాప పేరు తప్ప పాపది ఏదీ లేదు, దానికి మంచి మార్కులు. ఇందులో అంతా పాపదే.

స్కూలు పేరు చెప్పను. టీచరమ్మ మీద కోపంతోనే పోయాను గాని, అరగంట మాట్లాడాక కోపం నిలవలేదు. ఆమె క్లాసులో 44 మంది. శనివారం ఇచ్చిన ప్రాజెక్టులు 44, సోమవారం కట్టగా వస్తాయి. బుధవారానికి మార్కులు ఎక్కించాలి. "సార్, పరీక్షలో గొర్రె వల్ల ఉపయోగం అని వస్తే ఉన్ని అనే రాయాల. మీ పాప వెంట్రుక అని రాస్తే దిద్దేవాళ్లు మార్కిస్తారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంకో మాట కూడా అంది. రెండేళ్ల కింద ఆమె చార్టులు వద్దని, ఇంట్లో చూసిందే రాసుకు రమ్మని చెప్పిందట. వారం తిరక్కుండా ఐదుగురు తల్లిదండ్రులు ఆఫీసుకొచ్చారట, పక్క స్కూల్లో చార్టులు చేయిస్తున్నారు, ఇక్కడ ఏమీ చేయించట్లేదని. ఆ ఐదుగురిలో నేను లేను. ఉండేవాణ్ణే, నాకు అప్పుడు తీరిక లేదు.

అసలు ఈ ప్రాజెక్టు అనే మాట పిల్లల మేలుకే వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం, పిల్లలు పనుల ద్వారా, వెతికి తెలుసుకోవడం ద్వారా నేర్చుకోవాలని చెప్పింది. పరీక్షలొక్కటే కాక ఏడాది పొడవునా పిల్లలు చేసే పనుల్నీ చూసి మార్కులేసే పద్ధతిని నిరంతర సమగ్ర మూల్యాంకనం అని మన బడుల్లో మొదలుపెట్టినప్పుడు ప్రాజెక్టు పనులకు విడిగా 10 మార్కులు పెట్టారు. ఆ పది మార్కులు వచ్చాయి, వాటి వెనకాలే జిరాక్స్ షాపులో ఫోల్డరూ వచ్చింది.

ఇంటిపనే వద్దనే స్నేహితులు నాకున్నారు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానంలో రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదని ఉంది. వారానికి! మా పాపకు ఒక్క శనివారానికి ఇచ్చేది అంతకంటే ఎక్కువ. ఈ లెక్క చూపించి వాళ్లు మొత్తం ఎత్తెయ్యమంటారు. నేను అంత దూరం పోలేను. పిల్లల మీద చదువు బరువు తగ్గించే దారి చెప్పమని కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదికలో ఈ సంగతి మీద ఒక్క వాక్యముంది, నాకది చాలు. ప్రాథమిక తరగతుల పిల్లలకు హోంవర్కు ఇవ్వొద్దు, ఇంటి పరిసరాల్లో వెతికి తెలుసుకునే పని మాత్రం ఇవ్వొచ్చు అని. ముప్పై ఏళ్లు దాటింది. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. కాపీరాతలన్నీ ఉంచి, ఇంటి చుట్టూ చూసే ఆ ఒక్క పనిని షాపుకు అప్పజెప్పాం.

చూసే పని అంటే తాతకు మంద ఉన్న పిల్లలకే కుదురుతుందని మా ఆవిడ వాదన. అందులో కొంత నిజముంది. బస్సెక్కి ఊరికి పోయే వీలు అందరికీ ఉండదు. కానీ చార్టు పద్ధతి ఏమైనా సమానంగా ఉందా? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఇంటికి తాళమేసి గుంటూరు మిరపకోతలకు పోయే కుటుంబాలున్నాయి. పిల్లలూ వెంట పోతారు. ఆ పిల్లకు అరవై రూపాయల కలర్ ప్రింటు ఎక్కడి నుంచి వస్తుంది? మిరపచేలో ఏ పురుగు ఆకుకు ముడత తెస్తుందో అడిగితే మాత్రం మా పాపకంటే పది మాటలు ఎక్కువ చెప్తుంది. ఆ పిల్ల దగ్గరున్నదాన్ని అడగం. లేనిదాన్ని తెమ్మంటాం, తేలేదని మార్కులు కోస్తాం.

ఇంకో సంగతి, ఇది నాకు మొన్ననే తట్టింది. ఐదో క్లాసు వాళ్లకు "అంతరించిపోతున్న జంతువు" ప్రాజెక్టు. పక్కింటి పిల్లాడు పాండా తెచ్చుకున్నాడు. నిజానికి పాండా పరిస్థితి కొంత మెరుగుపడిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లోనే దాన్ని ఆ జాబితాలో ఒక మెట్టు కిందికి దించింది. షాపు ఫోల్డరుకు ఆ కబురు అందినట్టు లేదు. ఇక్కడికి 50 కిలోమీటర్ల లోపే రోళ్లపాడు ఉంది (ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది). 1988లో అక్కడ అభయారణ్యం పెట్టిందే బట్టమేక పిట్ట కోసం. మనిషి నడుము దాటే ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు. ఎగిరే పక్షుల్లో ఇంత బరువున్నవి చాలా తక్కువ. ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు, అదీ గడ్డిలో నేల మీదే. ఎదురుగా ఉన్నది దీనికి సరిగ్గా కనపడదు, ఒళ్లు బరువు, చప్పున పక్కకు తిరగలేదు. అందుకే కరెంటు తీగలకు కొట్టుకుని చస్తుంది. దీన్ని జాతీయ పక్షిగా చెయ్యమని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ అడిగారు, 1963లో ఆ గౌరవం నెమలికి పోయింది. 2011 నుంచి ఇది అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది. దేశం మొత్తంలో బయట స్వేచ్ఛగా తిరిగేవి 150 కూడా ఉండవని అంచనా, అందులోనూ ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. రోళ్లపాడులో ఇప్పుడు కనిపించడమే అరుదు. కడప దిక్కు పోతే కలివికోడి కథ ఇంకో రకం. 1900 తర్వాత ఎవరికీ కనపడక, పోయిందే అనుకున్నాక 1986లో శ్రీలంకమల్లేశ్వరం అడవుల దగ్గర దొరికింది. దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే ఊరి మనిషి. పక్షిశాస్త్రవేత్తలు ఏళ్లతరబడి వెతికిన దాన్ని ఆయన రాత్రిపూట బ్యాటరీ వెలుగులో పట్టుకొచ్చాడు. ఐదో క్లాసు పిల్లాడికి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది?

పక్కింటి పిల్లాడికి బట్టమేక గురించి చెప్పాను. "మేకా అంకుల్?" అన్నాడు. పిట్ట అన్నాను. "మరి మేక అన్నారు?" అన్నాడు. వాళ్లమ్మ, "అన్నా, చార్టు అంటించేశాం, ఇప్పుడు మార్చలేం" అంది.

ఇంత ఊపు మీద ఉన్న నన్ను నిలబెట్టింది మా పాపే. "నాన్నా, అంటే నేను గొర్రె మీదనే రాయాలా? పెంగ్విన్ మీద రాయకూడదా?" అని అడిగింది. దానికి పెంగ్విన్ అంటే నిజంగానే ఇష్టం. పోయినేడు చార్టు నేను చేసినా, ఎంచుకున్నది అదే. రాయలసీమలో పుట్టినందుకు గొర్రెలూ మేకలతో సరిపెట్టుకోమని ఒక పిల్లకు చెప్పే హక్కు నాకెక్కడిది? మన బడి మన ఊరిని చూడాలి అంటూ అంటూ నేను పాపకు మంచుఖండాన్నే మూసేయబోయాను. మన ఊరి మీద అభిమానం కొంచెం ఎక్కువైతే ఇట్లాగే దొడ్డి అవుతుంది.

కాబట్టి నా మాట కొంచెం మార్చుకున్నాను. ఏ జంతువైనా సరే, పిల్ల తన ఒంటితోనో కంటితోనో తేల్చుకునే ప్రశ్న ఒక్కటి ఉండాలి. జవాబు టీచరు దగ్గర ముందే ఉండకూడదు. పెంగ్విన్ దగ్గర కూడా అది కుదురుతుంది. ఎంపరర్ పెంగ్విన్ ఎత్తు 115 సెంటీమీటర్లకు అటూ ఇటూ అని పుస్తకంలో ఉంది. పాప టేపు తెచ్చి గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది. దాని పక్కన తను నిలబడితే గీత ముక్కు దగ్గరికొచ్చింది. అప్పటిదాకా పెంగ్విన్ అంటే బాతంత ఉంటుందనుకుంది. బట్టమేక గీత కూడా గీద్దామన్నాను, ఒక మీటరు. రెండు గీతలూ ఇంకా హాల్లో ఉన్నాయి, మా ఆవిడ తుడవనివ్వడం లేదు. తర్వాత తనే ఒకటి పట్టింది: పెంగ్విన్‌కూ ఒకటే గుడ్డు, బట్టమేకకూ ఒకటే. పెంగ్విన్ గూడు కట్టదు, మగది గుడ్డును కాళ్ల మీద పెట్టుకుని రెండు నెలలు మంచులో ఏమీ తినకుండా నిలబడుతుంది. "వాళ్ల నాన్న రెండు నెలలా!" అంది. జిరాక్స్ షాపు లైనులో ముప్పావుగంట నిలబడ్డ సంగతి నేను ఎత్తలేదు.

టీచరమ్మకు ఇదంతా చెప్పాను. 44 మందివి దిద్దేది ఆమె కాబట్టి, ఆమెకు బరువు పెరగకూడదు. ఒక ప్రశ్న, మూడు వాక్యాలు, చార్టు వద్దు, మార్కులు వద్దు, సోమవారం క్లాసులో చదివించి వినడమే. దానికి డబ్బు అవసరం లేదు, ఊరికి పోవక్కర్లేదు. వీధికుక్కల దగ్గరికి మాత్రం పంపొద్దు అన్నాను. "అది మీరు చెప్పాలా సార్" అంది. నాలుగు వారాలకు ఒక్కసారి అయితే చూద్దాం, మిగతా వారాలు సిలబస్సే అంది. గొర్రె ఇంటు మార్కు గురించి నేను మళ్లీ ఎత్తలేదు. ఆమే పాప నోటుబుక్కు తెమ్మని, ఇంటు మార్కు పక్కన చిన్నగా "నెల్లూరు గొర్రెకు" అని రాసింది. ఇంటును కొట్టెయ్యలేదు. మార్కులు ఐదే.

మొన్న శనివారం మొదటి ప్రశ్న వచ్చింది: రాత్రి మీ ఇంటి లైటు దగ్గర పది నిమిషాలు చూసి, ఏం జరిగిందో రాయండి.

మా హాల్లో ట్యూబ్‌లైటు పక్కన ఒక బల్లి ఎప్పుడూ ఉంటుంది. పాప కుర్చీ వేసుకుని కింద కూర్చుంది, పక్కన నేను. ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. బల్లి నెత్తిన పడితే ఏమవుతుందో పంచాంగంలో చూడమంది. పాప తల మీద చున్నీ కప్పుకుని మళ్లీ కూర్చుంది. ఆదివారం పొద్దున నోటుబుక్కు తెరిచి చూశాను. మూడు వాక్యాలన్నారు గాని నాలుగున్నాయి.

"బల్లి ఏడు నిమిషాలు కదల్లేదు. దానికి రెప్పలు లేవు, నాలుకతో కన్ను తుడుచుకుంది. ఎనిమిదో నిమిషంలో ఒక పురుగు తినింది. నాన్న మూడుసార్లు ఫోన్ చూశాడు."